తూటా కూర్పు

తూటా కూర్పు అనగా రైఫిల్ క్రీడాకారుడు కర్మాగారంలో తయారైన తూటాలను కొనక, ఒకసారి పేలిన ఇత్తడి తొడుగును శుభ్రపరచి, అందులో కొత్త రంజకాన్ని, తూచిన మందును, ఏరుకొన్న గుండును తన చేతితో అమర్చి, తన రైఫిలుకు సరిపడే తూటాను తానే తయారుచేసుకొనే పద్ధతి. దీనిని హ్యాండ్‌లోడింగ్ లేదా రీలోడింగ్ అని వ్యవహరిస్తారు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో 800 నుండి 1000 గజాల (732 నుండి 914 మీటర్ల) దూరానికి గురిపెట్టే పోటీలలో ఇది విడదీయరాని భాగం. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. అందువలన తెలంగాణ క్రీడాకారులు దీనికి అతి సమీపమైన మరొక పనిని చేస్తారు. తయారైన తూటాలలో తమ రైఫిలుకు నప్పే లాటును పరీక్షించి ఎంచుకొంటారు. రెండింటిలోనూ లక్ష్యం ఒక్కటే: ప్రతి తూటా దాని ముందటి తూటా వలెనే ఉండాలి. ఎక్కువ శక్తి గల తూటాను సాధించడం ఈ పని ఉద్దేశం కాదు.

పదాలు

తెలుగులో తుపాకికి సంబంధించిన పదజాలం చాలా పాతది. గొట్టంలో దట్టించే పేలుడు పొడిని "మందు" అనీ, ఆ మందును అంటించడానికి చెవి వద్ద పోసే కొద్దిపాటి పొడిని "రంజకం" అనీ అనేవారు. నేటి తూటా అడుగున ఉండే ప్రైమరు చేసే పని కూడా రంజకం పనే కావున ఈ వ్యాసంలో ఆ పదాన్నే వాడటం జరిగింది. మందును, గుండును ఒకే కాగితపు పొట్లంలో చుట్టి సిద్ధంగా ఉంచుకొనే పద్ధతి తరువాత వచ్చింది. 1857 తిరుగుబాటుకు తక్షణ కారణమైన ఎన్‌ఫీల్డ్ తూటా ఇటువంటిదే. దాని కాగితాన్ని పంటితో కొరికి చించవలసి ఉండేది. లోహపు తొడుగు గల తూటా 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో వ్యాప్తిలోకి వచ్చింది.

మూతి నుండి మందు దట్టించే తుపాకిని తెలంగాణలో భర్మార్ అంటారు. నింపి కొట్టేది అని దీని అర్థం. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా పల్లెల్లోని దళాలు మొదట గుతపలు, వడిసెలలు, ఆ పిమ్మట భర్మార్లు పట్టుకొని నిలిచినట్లు ఆ కాలపు జ్ఞాపకాలలో తరచుగా కనిపిస్తుంది. భర్మార్ పట్టిన ప్రతివాడూ ఒక విధంగా తన తూటాను తానే కూర్చుకొన్నవాడే. అయితే మందును అంచనాగా పోయడం, గుండు గొట్టంలో వదులుగా కూర్చోవడం, గొట్టం లోపల మెలి గాళ్లు లేకపోవడం వలన ఒక గుండుకూ మరొక గుండుకూ పొంతన ఉండేది కాదు. కొద్ది పదుల గజాలు దాటితే గురి అదృష్టంపై ఆధారపడేది. ఈ లోపాలన్నింటికీ ఒకదాని తరువాత ఒకటిగా పరిష్కారం వెదకడమే తూటా కూర్పు చరిత్ర.

చరిత్ర

గుండు వేగాన్ని మొదటిసారిగా నమ్మదగిన రీతిలో కొలిచినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు. బరువైన కొయ్యదిమ్మెను లోలకంగా వేలాడదీసి, దానిలోనికి గుండును పేల్చి, దిమ్మె ఎంత ఊగినదో చూసి గుండు వేగాన్ని లెక్కకట్టాడు. ఈ ప్రయోగాలను 1742లో గ్రంథంగా ప్రకటించాడు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో విద్యార్థులు చేసే ద్రవ్యవేగ నిత్యత్వ లెక్కలలో ఈ లోలకం నేటికీ కనిపిస్తుంది. రాబిన్స్ ఆ తరువాత ఈస్టిండియా కంపెనీ కోటల ఇంజనీరుగా దక్షిణ భారతానికి వచ్చి, 1751లో కడలూరు వద్ద ఫోర్ట్ సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు. 1864లో బెల్జియం సైనికాధికారి లె బూలాంజే విద్యుత్ సహాయంతో వేగాన్ని కొలిచే యంత్రాన్ని రూపొందించాడు. నేటి క్రీడాకారులు బల్లపై పెట్టుకొనే చిన్న రాడార్ పెట్టె చేసే పని కూడా అదే.

1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ సమీపంలోని క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా, ఐర్లండు జట్ల మధ్య 800, 900, 1000 గజాల పోటీ జరిగింది. ఐరిష్ జట్టు మూతి నుండి దట్టించే రైఫిళ్లతో, అమెరికన్ జట్టు వెనుక నుండి తూటా పెట్టే రైఫిళ్లతో పాల్గొన్నాయి. అమెరికా 934, ఐర్లండు 931 పాయింట్లు సాధించాయి. ఐరిష్ క్రీడాకారుడు ఒకరు పేల్చిన గుండు సరిగ్గా నడిమికే తగిలింది గాని, అది పక్కవారి లక్ష్యఫలకం! 3 పాయింట్ల తేడాతో ముగిసిన పోటీలో ఆ ఒక్క పొరపాటు విలువ ఎంతో చెప్పనవసరం లేదు. రెండేళ్ల తరువాత, 1876లో, అదే మైదానంలో పాల్మా పోటీలు ఆరంభమయ్యాయి.

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియే పొగలేని మందును కనుగొన్నాడు. నల్లమందు పేలినప్పుడు గొట్టం నిండా మసి పేరుకొని, తరువాతి గుండు నడకను మార్చివేసేది. కొత్త మందుతో ఆ బెడద చాలావరకు తీరింది. 1909లో ఫ్రాంక్లిన్ మాన్ అనే అమెరికన్ వైద్యుడు దశాబ్దాల పాటు చేసిన ప్రయోగాలను గ్రంథస్థం చేశాడు. ఆయన కొన్ని గుండ్ల ముక్కును, మరికొన్నింటి అడుగును కావాలని చెక్కి పాడుచేసి పేల్చి చూశాడు. ముక్కు పాడైన గుండ్లు దాదాపు మామూలుగానే పోయాయి. అడుగు అంచు పాడైనవి మాత్రం దారి తప్పాయి. గుండు గొట్టం మూతిని వదిలే క్షణంలో వెనుకనున్న వాయువు అన్ని వైపులా సమంగా వెలువడాలంటే అడుగు అంచు నిర్దుష్టంగా ఉండాలని దీనివలన తేలింది.

తూటాలోని భాగాలు

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి తొడుగు, రంజకం, మందు, గుండు. రైఫిల్ సూది రంజకాన్ని పొడుస్తుంది. నిప్పురవ్వ చిన్న రంధ్రం గుండా లోపలికి పోయి మందును అంటిస్తుంది. మందు ఒక్కసారిగా విస్ఫోటించక, వేగంగా మండుతూ వాయువుగా మారి గుండును ముందుకు నెడుతుంది. ఇత్తడి తొడుగు ఉబ్బి గది గోడలకు అతుక్కొని వాయువు వెనుకకు రాకుండా ఆపుతుంది, ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకొని బయటకు వస్తుంది. ఇత్తడికి గల ఈ సాగే గుణం వలననే తొడుగును మరల మరల వాడుకొనే వీలు కలిగింది.

రంజకం అమరికలో రెండు రకాలు ఉన్నాయి. అడుగున ఒకే రంధ్రం ఉన్నది బాక్సర్ రకం, రెండు రంధ్రాలున్నది బెర్డన్ రకం. బాక్సర్ రకంలో పాత రంజకాన్ని సన్నని చువ్వతో లోపలి నుండి సులభంగా నెట్టివేయవచ్చు గనుక తూటా కూర్పుకు అదే అనువైనది. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. బాక్సర్ ఆంగ్లేయుడు, ఆయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది. బెర్డన్ అమెరికన్, ఆయన పద్ధతి ఐరోపాలో నిలిచింది.

దూరం పెరిగినప్పుడు

తూటాల మధ్య స్వల్పమైన తేడా ఎందుకు అంత ముఖ్యమో ఒక లెక్కతో గ్రహించవచ్చు. పోటీలలో విరివిగా వాడే .308 విన్‌చెస్టర్ తూటాను తీసుకొందాం. ఇది 1952లో విపణిలోకి వచ్చింది. సుమారు 11.3 గ్రాముల గుండు సెకనుకు 790 మీటర్ల వేగంతో గొట్టాన్ని వదులుతుందని అనుకొందాం. 100 గజాలకు గురి సరిచేసిన రైఫిలుతో 1000 గజాల వద్ద పేల్చితే గుండు గురిపెట్టిన చోటుకు దాదాపు 10 మీటర్ల దిగువకు పోతుంది. ఈ పతనాన్ని ముందుగానే లెక్కకట్టి దుర్భిణిని సరిచేసుకొంటారు కావున పతనం ఎక్కువగా ఉండటం సమస్య కాదు. ఒక్కొక్క గుండుకు ఒక్కొక్క పతనం ఉండటమే సమస్య.

వేగంలో సెకనుకు 3 మీటర్ల తేడా వచ్చినదనుకొందాం. 100 గజాల వద్ద దీని ప్రభావం అర మిల్లీమీటరు, కంటికి ఆనదు. అదే 1000 గజాల వద్ద సుమారు 9 సెంటీమీటర్లు! దూరం 10 రెట్లు పెరిగితే తేడా 10 రెట్లు మాత్రమే పెరగాలని తోచడం సహజం. కాని పతనం కాలవర్గాన్ని అనుసరిస్తుంది. పైగా గాలి నిరోధం వలన గుండు నిదానించి, ఆ కాలం కూడా దూరం కన్న ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. అందువలన తేడా 100 రెట్లను దాటిపోతుంది. ఎఫ్-క్లాస్ పోటీలలో 1000 గజాల లక్ష్యఫలకంపై పది పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలు, అనగా 25.4 సెంటీమీటర్లు. నడిమి నుండి పైకి గాని కిందికి గాని ఉన్న చోటు 12.7 సెంటీమీటర్లు మాత్రమే. అందులో 9 సెంటీమీటర్లను ఒక చిన్న వేగభేదమే మింగివేస్తే క్రీడాకారుని చేతికి, గాలికి మిగిలేది ఎంత?

గాలి మాట వచ్చినది కనుక మరొక సంగతి. ఇదే గుండును 1000 గజాల వద్ద సెకనుకు 4.5 మీటర్ల అడ్డగాలి రెండున్నర మీటర్లకు పైగా పక్కకు తోస్తుంది. తూటాను ఎంత నిర్దుష్టంగా కూర్చినా గాలిని చదవలేనివాడు గెలవలేడు. మంచి కూర్పు వలన కలిగే లాభం ఏమిటంటే, గుండు పక్కకు పోతే అది గాలి వలననే అని, కిందికి పోతే అది తన వలననే అని క్రీడాకారుడు నిశ్చయంగా చెప్పగలుగుతాడు. తూటాలు సరిగా లేనివానికి తన తప్పు ఎక్కడున్నదో ఎప్పటికీ తెలియదు.

కూర్పు జరిగే తీరు

పేలిన తొడుగు ఆ రైఫిల్ గది కొలతకు ఉబ్బి ఉంటుంది. దానిని ఉక్కు అచ్చులో నెట్టి, మెడ భాగాన్ని గుండును బిగువుగా పట్టేంత వరకు సన్నబరుస్తారు. అచ్చులో సాగిన తొడుగు పొడవు పెరుగుతుంది, దానిని కత్తిరించి సమం చేస్తారు. పలుమార్లు వాడిన ఇత్తడి గట్టిపడి పెళుసుబారుతుంది, మెడను కొద్దిసేపు వేడిచేస్తే మరల మెత్తబడుతుంది. కంసాలి పని తెలిసిన ఇళ్లలో దీనిని వివరించనవసరం లేదు. మెడ బిగువు ఒక తూటాలో ఎక్కువ, మరొక తూటాలో తక్కువ అయితే గుండు కదలడానికి పట్టే ఒత్తిడి మారి, దానితో వేగం కూడా మారుతుంది.

మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ దీనికి దాదాపు రెట్టింపు. గురిగింజలో నూరవ వంతు తేడాను పట్టగల త్రాసులు నేడు క్రీడాకారుల బల్లలపై ఉన్నాయి. ఆ త్రాసుపై మందులోని ఒక్క పలుకు పడినా, తీసినా అంకె మారుతుంది. గుండును ఎంత లోతున కూర్చోబెట్టాలన్నది తరువాతి ప్రశ్న. గుండు మెడను వదిలి గొట్టంలోని మెలి గాళ్లను తాకేలోపు దాటే ఖాళీని అంగుళంలో వెయ్యవ వంతులలో కొలుస్తారు. ఒక్కొక్క గుండు ఆకృతికి ఒక్కొక్క ఖాళీ నప్పుతుంది. ఇది పరీక్షించి చూడవలసినదే గాని లెక్కతో తేలేది కాదు.

ఏ మందు, ఎంత మందు అన్నది మాత్రం సొంత తెలివితో తేల్చుకోరాదు. మందు తయారీదారులు, గుండు తయారీదారులు పీడన యంత్రాలపై పరీక్షించి ప్రకటించిన పట్టికలు ఉన్నాయి. వాటిలోని కనిష్ఠ పరిమాణం వద్ద మొదలుపెట్టి, స్వల్పంగా పెంచుతూ, పేలిన రంజకం చదునెక్కడం, బోల్టు పిడి ఎత్తడానికి గట్టిగా రావడం వంటి చిహ్నాలు కనిపించగానే ఆపుతారు. చూపులకు ఒకే విధంగా ఉండే రెండు మందులు మండే వేగంలో ఎంతో భిన్నంగా ఉండవచ్చు. పిస్తోలుకు వాడే త్వరిత మందు రైఫిల్ తొడుగులో పడితే రైఫిలే పగిలి పేల్చినవాని కన్ను, చేయి పోగొట్టగలదు. బల్లపై ఒక వేళకు ఒకే మందు డబ్బా ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

చిన్న గుంపుల భ్రమ

ఈ క్రీడలో అత్యధికంగా కాలం, ధనం, గొట్టం ఆయుష్షు వృథా అయ్యేది ఇక్కడే. క్రీడాకారుడు మందును కొద్దికొద్దిగా మార్చుతూ ఒక్కొక్క కూర్పుతో మూడేసి గుండ్లు పేల్చుతాడు. ఒక కూర్పులో మూడు రంధ్రాలూ ఒకదానికొకటి తాకి కనిపిస్తాయి. ఇదే నా రైఫిలుకు నప్పిన కూర్పు అని సంతోషించి వంద తూటాలు తయారుచేసుకొంటాడు. పోటీనాడు అవి చెదరిపోతాయి. తప్పు గాలిదనో, తనదనో అనుకొంటాడు.

అసలు సంగతి గణితంలో ఉన్నది. రంధ్రాల గుంపులో అతి దూరంగా ఉన్న రెండింటి మధ్య దూరాన్ని గుంపు పరిమాణం అంటారు. తూటాలో గాని రైఫిలులో గాని ఏ మార్పూ లేకున్నా గుండ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ పరిమాణం పెరుగుతుంది. మూడు గుండ్ల గుంపు సగటున 24 మిల్లీమీటర్లుగా వచ్చే రైఫిలుతోనే పది గుండ్లు పేల్చితే సగటు 38 మిల్లీమీటర్లు అవుతుంది. అంతేకాక మూడు గుండ్ల గుంపులు తమలో తాము మూడింట ఒక వంతుకు మించి హెచ్చుతగ్గులు చూపుతాయి. ఐదు గుండ్లకు ఈ హెచ్చుతగ్గు సుమారు 27 శాతం, పది గుండ్లకు 19 శాతం. లోపల ఏ తేడా లేని పది కూర్పులతో ఐదేసి గుండ్లు పేల్చితే, సగటు 15 మిల్లీమీటర్లు ఉన్నచోట ఒకటి 9 దగ్గర, మరొకటి 21 దగ్గర కనిపించడం మామూలే. తొమ్మిదిని చూసి పొంగిపోయేవాడు గుర్తుంచుకోవలసినది ఇదే. 40 మంది విద్యార్థులున్న తరగతిలో ప్రతి ఒక్కరినీ నాణెం ఐదుసార్లు ఎగరవేయమంటే, ఎవరో ఒకరికి ఐదుసార్లూ బొమ్మే పడే అవకాశం బాగా ఉన్నది. ఆ పిల్లవానికి నాణెం ఎగరవేయడంలో ప్రత్యేక ప్రతిభ ఉన్నదని ఏ ఉపాధ్యాయుడూ అనడు.

వేగం విషయంలోనూ ఇదే చిక్కు. ఐదు గుండ్ల వేగాలను కొలిచి వాటి క్రమవిచలనం సెకనుకు 3 మీటర్లు అని తేలితే, అసలు విలువ 2 మీటర్లు కావచ్చు, 7 మీటర్లు కూడా కావచ్చు. 2 మీటర్లది పోటీకి తగిన కూర్పు, 7 మీటర్లది కర్మాగారపు సాధారణ తూటా కన్నా హీనం. ఐదు గుండ్లు ఈ రెండింటినీ వేరుచేయలేవు.

క్రైటన్ ఆడెట్ అనే అమెరికన్ క్రీడాకారుని పేరుతో "నిచ్చెన పరీక్ష" ఒకటి ప్రచారంలో ఉన్నది. మందును మెట్టుమెట్టుగా పెంచుతూ మెట్టుకొక గుండు పేల్చి, ఫలకంపై ఎత్తు మారకుండా గుమికూడిన మెట్లను మేలైనవిగా ఎంచుకొంటారు. గొట్టం కంపనాలను బట్టి ఇటువంటి స్థిరస్థానాలు ఉంటాయని చాలామంది నమ్మకం. మెట్టుకు ఒక్క గుండుతో కనిపించే ఈ స్థిరస్థానాలు పరీక్షను మరల చేస్తే తరచుగా చోటు మారుతాయి. కనుక నిచ్చెన పరీక్షను ఒత్తిడి పరిమితిని తెలుసుకోవడానికి ఉపయోగించడం సమంజసం. మేలైన కూర్పును తేల్చడానికి మాత్రం ఒకే కూర్పుతో 20, 30 గుండ్లు పేల్చి, ప్రతి రంధ్రానికీ గుంపు నడిమికీ గల దూరాల సగటును తీసుకోవడమే మెరుగు. గుంపు పరిమాణం రెండు రంధ్రాలనే లెక్కలోకి తీసుకొంటుంది. ఈ సగటు మాత్రం పేల్చిన ప్రతి గుండునూ లెక్కిస్తుంది.

ఎండ ప్రభావం

అమెరికా, ఐరోపా పట్టికలను మన ప్రాంతానికి ఉన్నదున్నట్లుగా అన్వయించరాదు. హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిపై ఉన్న నల్లగొండ జిల్లా చిట్యాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడ జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గర, మే మధ్యాహ్నం 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ 30 డిగ్రీల తేడా తూటాపై రెండు విధాలుగా పనిచేస్తుంది.

మొదటిది గాలి సాంద్రత. పీడనం మారకుండా ఉష్ణోగ్రత పెరిగితే వాయు సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమంగా తగ్గుతుంది. 288ని 318తో భాగిస్తే 0.906. అనగా మే నెల గాలి జనవరి గాలి కన్నా తొమ్మిది శాతానికి పైగా పలుచన. పైన చెప్పిన .308 గుండు అటువంటి గాలిలో 1000 గజాల వద్ద శీతకాలపు గురి కన్నా అర మీటరుకు మించి పైకి తగులుతుంది. దీనిని లెక్కతో సరిదిద్దుకోవచ్చు.

రెండవది మందు వేడి. ఇది ప్రమాదంతో కూడినది. వేడెక్కిన మందు త్వరగా మండుతుంది. కొన్ని రకాల మందులలో ఒక్కొక్క డిగ్రీకి గుండు వేగం సెకనుకు అర మీటరు దాకా పెరుగుతుంది. వేగంతోపాటు గది లోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. చలికాలపు ఉదయం గరిష్ఠ పరిమితికి ఆనుకొని కూర్చిన తూటా, మే నెలలో ఎండలో నిలిపిన కారులో కొన్ని గంటలు ఉండిన తరువాత ఆ పరిమితిని దాటిపోవచ్చు. మూసిన కారు లోపల ఎండాకాలంలో 60 డిగ్రీలు రావడం అరుదు కాదు. ఇందుకే ఉష్ణ దేశాలలో కూర్పును వేసవిలో పరీక్షించాలి, లేదా ఉష్ణోగ్రతకు అంతగా చలించని మందులను ఎంచుకోవాలి. తూటాలను నీడలో ఉంచడం, వేడెక్కిన గదిలో తూటాను పెట్టి ఆలస్యం చేయకపోవడం కూడా అవసరం.

భారతదేశంలో చట్టం

1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాలనే గాక తూటాలను తయారుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. తుపాకి కలిగి ఉండటానికి ఇచ్చే లైసెన్సు తూటా తయారీకి చెల్లదు. చట్టవిరుద్ధ తయారీకి 2019 సవరణ తరువాత కనీస శిక్ష ఏడేళ్ల జైలు. అందువలన పై విషయాలన్నీ మన విద్యార్థులకు భౌతికశాస్త్రంగా, గణితంగా ఉపయోగపడవలసినవే గాని ఇంట చేసి చూడవలసినవి కావు. 20 జౌళ్లకు మించని శక్తి గల 0.177 అంగుళాల గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. మన దేశంలో పిల్లలు ఈ క్రీడలో అడుగుపెట్టేది దానితోనే.

లాటు ఎంపిక

తెలంగాణ రైఫిల్ క్రీడాకారులు ప్రధానంగా 10 మీటర్ల గాలి రైఫిల్, 50 మీటర్ల .22 రైఫిల్ పోటీలలో పాల్గొంటారు. గాలి రైఫిలుకు మందే లేదు. .22 తూటాను మరల కూర్చే వీలు లేదు, ఎందుకనగా దానికి వేరే రంజకం ఉండదు. రంజక పదార్థాన్ని తొడుగు అడుగు అంచు లోపల చుట్టూ పరచి ఉంచుతారు. సూది ఆ అంచును నొక్కి నలిపినప్పుడు తూటా పేలుతుంది. నలిగిన అంచు మరొకసారికి పనికిరాదు. కనుక అమెరికన్ క్రీడాకారుడు త్రాసుతో సాధించేదానిని మన క్రీడాకారుడు ఎంపికతో సాధించవలసి ఉన్నది.

బ్రిటన్‌లోని ఎలీ, ఫిన్లాండ్‌లోని లాపువా, జర్మనీలోని ఆర్‌డబ్ల్యుఎస్ ఈ తూటాలకు పేరొందిన సంస్థలు. ఒకే యంత్రంపై, ఒకే ముడిసరుకుతో, ఒక విడతలో తయారైనవాటికి ఒక లాటు సంఖ్య ఇస్తారు. ఒకే పేరు, ఒకే ధర గల రెండు లాటులు ఒకే రైఫిలులో భిన్నంగా ప్రవర్తిస్తాయి. ఒకరి రైఫిలుకు అమోఘంగా నప్పిన లాటు పక్కవారి రైఫిలులో సామాన్యంగా ఉండవచ్చు. క్రీడాకారుడు తన రైఫిలును ఈ సంస్థల పరీక్షాశాలకు తీసుకొనిపోతే, దానిని ఇనుప పట్టీలో బిగించి వేర్వేరు లాటులను పేల్చి చూపుతారు. నప్పిన లాటును ఆ సంవత్సరానికి సరిపడా కొనుక్కొంటారు. అది అయిపోతే వెదకులాట మరల మొదటికి వస్తుంది. అక్కడికి పోలేనివారు పలు లాటుల నుండి కొన్ని పెట్టెలు తెప్పించుకొని స్థానిక రేంజిలో పరీక్షించుకొంటారు. చిన్న గుంపుల భ్రమ అత్యంత ఖరీదైనదిగా పరిణమించేది ఈ సందర్భంలోనే. ఐదు గుండ్ల గుంపును చూసి వేల తూటాలు కొన్న తరువాత తప్పును దిద్దుకొనే దారి ఉండదు.

50 మీటర్ల లక్ష్యఫలకంపై పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. పోటీ తూటా వేగం సెకనుకు 320 నుండి 330 మీటర్ల వరకు ఉంటుంది. ధ్వని వేగానికి లోబడి ఉండేట్లు దీనిని కావాలని తగ్గించి ఉంచుతారు. ధ్వని వేగాన్ని దాటి మరల దాని కిందికి దిగే గుండు ఆ దాటుడులో కుదుపుకు లోనవుతుంది. ఇక్కడ వేగంలో 3 మీటర్ల తేడా ఫలకంపై 2 మిల్లీమీటర్ల ఎత్తు తేడాగా పరిణమిస్తుంది. నడిమి నుండి అంచుకు 5.2 మిల్లీమీటర్లే ఉన్నచోట ఇది తక్కువేమీ కాదు.

10 మీటర్ల పోటీలో పది పాయింట్ల స్థానం అర మిల్లీమీటరు చుక్క. ఇక్కడ పరీక్ష పెల్లెట్ల తల వ్యాసంపై నడుస్తుంది. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు అంటూ నూరవ వంతు తేడాతో పెట్టెలు దొరుకుతాయి. ఏది నప్పునో ఒక్కొక్క గొట్టమే చెప్పాలి. ఈ పోటీలో పాయింట్ల విలువ తెలియాలంటే హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ అనుభవం చూడవచ్చు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆయన 600కు 595 సాధించి కూడా, సమాన స్కోరు గలవారి మధ్య లెక్కింపులో వెనుకబడి, తొమ్మిదవ స్థానంతో తుదిపోటీకి దూరమయ్యాడు. అదే పోటీలో 596తో తుదిపోటీకి చేరిన అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 స్కోరుతో ఇదే అంశంలో కాంస్యం సాధించాడు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 50 మీటర్ల ప్రోన్ అంశంలో రజతం ఆయనకే దక్కింది. ఈ ప్రోన్ అంశాన్ని 2016 రియో క్రీడల తరువాత ఒలింపిక్స్ నుండి తొలగించారు. మూడు భంగిమల 50 మీటర్ల పోటీ మాత్రం కొనసాగింది. 2021 బధిర ఒలింపిక్స్ 2022లో బ్రెజిల్‌లో జరిగినప్పుడు 10 మీటర్ల గాలి రైఫిల్ అంశంలో స్వర్ణం గెలిచిన ధనుష్ శ్రీకాంత్ కూడా హైదరాబాదువాడే.